ఉమేదువారీ వ్రాతపని

ముదిగుబ్బ మెట్టచేలలో వేరుసెనగ పెఱుకుటకు క్రొత్తగా వచ్చిన కూలివానితో "నీవు పని నేర్చుకొనుచున్నావు గావున కూలి లేదు" అని పలికిన రైతును మేమెఱుగము. వానలు తప్పిన యేట కూలి యాలస్యమగును, ఒక్కొక్కప్పుడు తగ్గును. అసలే లేకపోవుట లేదు. ఆ మాట చదువుకొన్నవారి లోకముననే వినబడుచున్నది.

మా శిష్యుడొకడు, మెట్టరైతు కొడుకు, బి.ఎ. ముగించి హైదరాబాదులో ఒక వార్తాసంస్థయందు ఇంటర్న్‌షిప్పునకు చేరెను. ఆఱు నెలలు జీతము లేదు. వ్రాతక్రింద పేరును, తుదను ధ్రువపత్రమును ఇత్తుమనిరి. వాడు దినమునకు మూడు నాలుగు వార్తలు వ్రాసెడివాడు. వాని ప్రక్కన ప్రకటనలు వేసి సంస్థవారు సొమ్ము చేసికొనిరి. ఇంటివారు గొఱ్ఱెల నమ్మి గదియద్దె పంపిరి. నాలుగవ నెలలో వాడు తిరిగివచ్చెను. అచ్చట నిలిచినవాడు నగరమున సొంతయిల్లు గలవాడు. ప్రతిభను పరీక్షించితిమని సంస్థవారనుకొనిరి గాని, పరీక్షకు నిలిచినవి తండ్రుల గాదెలు.

ఇది క్రొత్త యాచారము గాదు. దొరల కాలమున కచ్చేరీలలో ఉమేదువార్లు ఖాళీకై కాచుకొని జీతము లేకయే వ్రాతపని చేసెడివారు.

"గురుకులమున శిష్యుడు సమిధలు తేలేదా?" అని యడుగుదురు. తెచ్చెను, గురువు వానిని తన యింట నుంచుకొని చదువు చెప్పెను, ఆ సమిధలను అంగడిలో నమ్ముకొనలేదు. నిజముగా కూర్చుండి దిద్దువారు అల్పభృతి నిచ్చినచో మేమాక్షేపింపము. "ఇష్టపడియే చేరిరి గదా" యను మాటయే మాకు మింగుడుపడదు. ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణములలో పనిచేసిన కూలీల వ్యాజ్యమున 1982లో సుప్రీంకోర్టు, లేమిచేత కనీసవేతనముకంటె తక్కువకు ఒప్పుకొని చేయు పనియు నిర్బంధశ్రమయే యనియు, రాజ్యాంగపు 23వ అధికరణమునకు విరుద్ధమనియు చెప్పినది. 1983లో రాజస్థాన్ కరవుపనుల వ్యాజ్యమునను ఆ న్యాయమునే నిలిపినది: కరవు పేరు చెప్పియు కనీసవేతనము తగ్గింపరాదు. కరవుపనుల నెఱిగిన మన సీమవారికి దీని బరువు తెలియును. ఆ తీర్పులు వ్రాతగాండ్రను గూర్చినవి గావు. ఆకలి మాత్రము ఇరువురకు నొకటియే.

ఇంతకును మా చేతులు శుద్ధములు గావు. నెలజీతము గల ఉపాధ్యాయులము. లాభమునకు పుస్తకములు వేయు ప్రచురణకర్త యొకరికి ఏండ్లతరబడి ఊరక వ్రాసియిచ్చి, అది యౌదార్యమని మురిసితిమి. (ఈ పత్రికకును ఊరకయే వ్రాయుదుము, ఇందు లాభపడువారు లేరు.) పై శిష్యుడే ఆయనకడకు పోయి తన వ్రాతకు వెల యడుగగా "మీ అయ్యవారే ఊరక యిచ్చుచున్నారే, నీకెందుకు?" అనెనట. వాడు మాతో నిష్ఠురమాడలేదు. జరిగినది చెప్పి ఊరకుండెను.

తరువాత ఆయన యుత్తరము వచ్చినప్పుడు మేము మా వెల వ్రాసి పంపితిమి. నేటివఱకు జవాబు లేదు.