నావయు శరణాగతియు

భగవంతుడే రక్షకుడైనప్పుడు మన జాగ్రత్తతో పనియేమి అని కొందరు సందేహింతురు. అయోధ్యాకాండమున దీనికి సమాధానమున్నది. గంగను దాటవలసినవాడు సాక్షాత్తు శ్రీరాముడు. అయినను గుహుడు దృఢమైన నావను, నేర్పరియగు నావికుని సిద్ధపరపించెను. నది నడుమ సీతాదేవి గంగను ప్రార్థించెను. ఏర్పాటును ప్రార్థన తొలగింపలేదు. ప్రార్థనను ఏర్పాటు తొలగింపలేదు.

శంషాబాదు విమానాశ్రయమున విమానమును ఎగురుటకు ముందు పరీక్షింతురు. హుస్సేన్‌సాగరపు ఒడ్డున చాలకాలము నిలువయున్న తెరచాప పడవకును ఆ నియమమే తగును. నిలువయున్న పడవకు అతుకులు విచ్చును, త్రాళ్లు చివుకును, చాప చిరుగును. ఆలుబిడ్డలను విహారమునకు ఎక్కించుకొనుటకు ముందే వీనిని సరిచూచి బాగుచేయవలెను. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద విహారనౌక మునిగి పెక్కు కుటుంబములు శోకముపాలైనవి.

తన ప్రాణమును స్వామికి అర్పించుట భక్తి. తనను నమ్మిన బిడ్డల ప్రాణమును అజాగ్రత్తకు అప్పగించు అధికారము మాత్రము ఎవరికిని లేదు. చేయవలసినది చేసి, ఫలమును స్వామి పాదములందుంచుటయే శరణాగతి.