ఆప్తవాక్యము

న్యాయశాస్త్రము శబ్దమును ప్రమాణముగా నంగీకరించినది. కాని ఆ శబ్దము ఆప్తునిదై యుండవలెను. వస్తువును స్వయముగా నెరిగి, ఎరిగినది ఎరిగినట్లు పలుకువాడే ఆప్తుడు. నేడు ప్రకటనలలో ప్రతిఫలము గైకొని, తానెరుగని వస్తువును పొగడు ప్రసిద్ధుడు ఆప్తుడెట్లగును? క్రీడలో, నటనలో అతని నేర్పు ఔషధమునకు గుణము నీయజాలదు. ఆ పలుకు నమ్మిన రోగి ధనమునే కాక ఆరోగ్యమును సైతము కోల్పోవచ్చును.

ఢిల్లీలో పార్లమెంటు 2019లో చేసిన వినియోగదారుల రక్షణ చట్టము ఈ ధర్మమునే గ్రహించినది. మోసపుచ్చు ప్రకటనకు తన పేరు నిచ్చినవానికి 10 లక్షల రూపాయల వరకు, మరల చేసినచో 50 లక్షల వరకు జరిమానా విధింపవచ్చును. ముందుగా తగిన విచారణ చేసినవానికి ఆ శిక్ష లేదు. అట్టి ప్రసిద్ధులును సమానముగా బాధ్యులేయని సుప్రీంకోర్టు 2024 మే 7న పలికినది.

చట్టము పలుకువానిని శిక్షింపగలదు. వినువానికి వివేకము నీయజాలదు. అది ఎవరికి వారు సాధింపవలసినది. కొనుటకు ముందు ‘నాకు వలసినది ఈ వస్తువా, ఆ ముఖమా?’ యని ప్రశ్నించుకొనుటయే దాని ప్రథమ సోపానము.