ఉమ్మడి గోడ

విజయనగరం మూడు లాంతర్లకి దగ్గర్లో, పైడితల్లమ్మ సిరిమాను తిరిగే దారికి ఒక సందు లోపల, ఒకే ఇంటిని ఇద్దరన్నదమ్ములు పంచుకుని ఉండేవారు. మధ్యది తాతలనాటి సున్నపు గోడ. ఇవతల అన్న, అవతల తమ్ముడు. పెరట్లో నూతి చప్టా ఎవరి వాటాలోకి వస్తుందో పంపకాలనాడు తేలలేదు. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఏటా వానలు వెళ్లేసరికి అన్నగారి హాల్లో ఆ గోడ మోకాలెత్తున పెచ్చులూడి, తెల్లగా ఉప్పు పూసేది. ఏటా ఆయన లప్పం పట్టించి రంగు వేయించేవాడు. ఆ ఏడు సిరిమాను పండగకి కొత్త వియ్యంకులు వస్తున్నారు. ఇంగ్లండులో ఉన్న కొడుకు ఉపాయం చెప్పాడు.

"నాన్నా, ఇక్కడ పాత గోడలకి రంగు వేసేముందు లైనింగ్ పేపరని మందపాటి కాగితం అంటిస్తారు. గతుకులూ సన్న బీటలూ కనపడవు. మందాన్ని బట్టి 1000, 1200, 1400 అని నంబర్లుంటాయి. మనకి 1400 పంపిస్తాను."

కాగితం చుట్టలు వచ్చాయి. మేస్త్రి గోడలు తట్టి చూశాడు.

"తూరుపు గోడకి అంటించీవచ్చు బాబూ. ఆ బీట 2014లో హుద్‌హుద్‌ తుపానుకి పడ్డాది. అప్పుడు దాని కొసన నాను పెన్సిల్‌తో గీత గీసినాను, ఇయ్యాల్టికీ గీత దాటనేదు. మధ్య గోడకి మాత్రం వొద్దు. అది లోపల్నుంచి నీరు లాగతంది."

"ముందు పండగ గడవనీ మేస్త్రీ. రెండింటికీ అంటించెయ్."

మేస్త్రి జిగురు రాసి, కాగితం నానేదాకా ఆగి, అంచుకి అంచు ఒకదానిమీదొకటి ఎక్కకుండా చేర్చి అంటించాడు. ఆరాక రెండు కోటింగులు వేశాడు. పండగ ముందురోజు తొలేళ్లనాటికి హాలు మెరిసింది. వియ్యంకులు మెచ్చుకుని వెళ్లారు.

కార్తీకం వచ్చేసరికి మధ్య గోడ కాగితం బుడగలు కట్టింది, కిందినుంచి నల్లబడింది, గదంతా ముక్క వాసన. తూర్పు గోడ మీది కాగితం చెక్కుచెదరలేదు.

మేస్త్రి మళ్లీ వచ్చి, పాడైన కాగితం ఊడబీకి, అక్కడ ప్లాస్టిక్ ముక్క పెట్టి నాలుగువైపులా టేపు వేశాడు. "పైన సెమ్మడితే గదిలో గాలిది బాబూ. అడుగున సెమ్మడితే గోడది." మర్నాటికి నీటి చుక్కలన్నీ అడుగునే ఉన్నాయి.

"అయితే అవతలివాడి నీరే ఇది!" అన్నాడు అన్న.

"తెలుసుకోవాలంటే అవతలికే ఎల్లాల."

అన్న వెళ్లి తలుపు తట్టాడు. లోపల తమ్ముడి గోడకీ అవే పెచ్చులు, అదే ఉప్పు. "నీ వైపునుంచే నీరు దిగుతోందనుకున్నాను అన్నయ్యా. ఏటా బీరువా జరిపి దానికి అడ్డం పెడుతున్నాను," అన్నాడు తమ్ముడు.

ముగ్గురూ పెరట్లోకి నడిచారు. నూతి చప్టా గోడవైపు పగిలి ఉంది. రెండిళ్ల స్నానాల నీరూ ఆ పగుల్లోంచే పునాదిలోకి పోతోంది. బాగుచేయిస్తే వాటా వదులుకున్నట్టు అవతలివాడు అనుకుంటాడేమోనని ఇన్నేళ్లూ ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

ఖర్చు చెరిసగం వేసుకుని చప్టా కట్టించారు, నీరు గోడకి దూరంగా పోయేలా వాలు పెట్టించారు. మధ్య గోడని రెండువైపులా ఇటుక కనపడేదాకా గీకించి, వేసవంతా అలాగే ఆరనిచ్చారు. వచ్చిన చుట్టాలు ఆ బోసి గోడని చూశారు. అన్నదమ్ములు ఏమీ దాచలేదు. ఆ తర్వాతే సున్నం, ఆ తర్వాతే రంగు.

నీతి: ఆగిపోయిన బీటని కప్పవచ్చు, ఆగని చెమ్మని కప్పకూడదు. ముగిసిన తగవుని మళ్లీ తవ్వకుండా ఊరుకోవడం మర్యాదే. లోపల నడుస్తున్న తగవు మీద ఊరుకుంటే మాత్రం అది ఇద్దరి ఇళ్లనీ తినేస్తుంది. ఏది ఆగిందో ఏది ఆగలేదో తన గదిలో కూర్చుంటే తెలియదు. గోడకి అవతలి పక్క కూడా చూడాలి.