ముందు కూర్చుని లెక్క చూసుకోండి



గోపురం కట్టదలచి, ఖర్చు చూసుకోకుండా పునాది వేసి, నలుగురిలో నవ్వులపాలైన మనిషి గురించి ప్రభువు లూకా సువార్త 14వ అధ్యాయంలో చెప్పారు. శిష్యరికానికి చెల్లించవలసిన వెలను బోధించడానికే ఆయన ఆ ఉపమానం చెప్పారు. అయితే ఆయన జోజప్పగారి ఇంట, పనివాని ఇంట పెరిగినవారు. ఇల్లు కట్టేవారి కష్టం, లెక్కలు ఆయనకు తెలియనివి కావు.

కొన్నేళ్ల క్రితం మా విచారణలోని యువ దంపతులు నా వద్దకు వచ్చారు. "ఫాదరుగారూ, 36 లక్షలకు ఫ్లాటు చూశామండీ. బ్యాంకువారు 30 లక్షలు ఇస్తామన్నారు. మిగతాది బయట తెస్తున్నాం. మీరు వచ్చి ఆశీర్వదించాలి" అన్నారు. ఇద్దరి జీతాలూ కలిపితే నెలకు 60 వేలు. నేను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. "మంచిపని చేస్తున్నారు, అంతా దేవుడే చూసుకుంటాడు" అన్నాను. గృహప్రవేశం నాడు వెళ్లి, ప్రార్థన చేసి, గదిగదిలో తీర్థజలం చల్లి, భోజనం చేసి వచ్చాను.

బయట తెచ్చింది 6 లక్షలు కాదు, రిజిస్ట్రేషను ఖర్చులతో కలిపి 9 లక్షలు. అదీ నూటికి రెండు రూపాయల వడ్డీకి. వడ్డీకే నెలకు 18 వేలు, బ్యాంకు వాయిదా మరో 27 వేలు. రెండవ కాన్పు తరువాత ఆ తల్లి ఉద్యోగం మానవలసి వచ్చింది. మూడేళ్లు తిరగకుండానే ఇల్లు అమ్మేశారు. వచ్చిన సొమ్ము అప్పులకే చాలీచాలనట్లు సరిపోయింది. ఆ తరువాత వారు ఆదివారం పూజకు వచ్చినా, వెనుక నిలబడి, చివరి దీవెనకు ముందే వెళ్లిపోయేవారు. నాకు ముఖం చూపలేకపోయారట. నిజానికి సిగ్గుపడవలసింది నేను. అడగవలసిన నాడు అడగనివాడిని నేనే.

"దేవుడే చూసుకుంటాడు" అన్న మాట విశ్వాసంగా వినిపిస్తుంది. కాని దేవాలయ శిఖరం నుండి దూకమని ప్రభువును శోధించినప్పుడు సైతాను చెప్పినదీ ఇంచుమించు ఆ మాటే కదా! ప్రభువు దూకలేదు. దేవుని నమ్మడం వేరు, దేవుని పరీక్షించడం వేరు. పరుల సొమ్ముతో ఇల్లు కట్టేవాడు తన సమాధికి రాళ్లు పేర్చుకుంటున్నాడనే భావం సీరా జ్ఞానగ్రంథం 21వ అధ్యాయంలో ఉంది. అంటే అప్పు చేయడమే పాపమని కాదు, వివేకం లేని అప్పు ప్రమాదమని. వివేకానికి మూడు పనులున్నాయని పునీత తోమా అక్వినాసు బోధించారు: విచారించడం, నిర్ణయించడం, ఆచరణలో పెట్టడం. ఇల్లు కొనడంలోనూ ఈ మూడూ కావాలి.

మొదటిది విచారణ. శత్రువులు యెరూషలేమును ముట్టడించి ఉండగా యిర్మీయా ప్రవక్త అనాతోతులో పొలం కొన్నారు. 17 తులముల వెండి తూచి ఇచ్చారు, పత్రం రాయించారు, సాక్షుల చేత సంతకాలు పెట్టించారు, ముద్ర వేయించారు, దానిని మట్టికుండలో భద్రపరచమన్నారు (యిర్మీయా 32). దేవుని మాట నమ్మే కొన్నారు, అయినా పత్రం విషయంలో ఏ లోటూ చేయలేదు. మనమూ అలాగే చేయాలి. సబ్ రిజిస్ట్రారు కార్యాలయం నుండి ఇ.సి. తీయించండి. పాత లింకు దస్తావేజులు అడగండి. ఆ స్థలం 22-ఎ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. కేవలం జి.పి.ఎ. కాగితంతో అమ్మితే ఆస్తిపై హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లో తీర్పు చెప్పింది. కట్టుబడిలో ఉన్న ఫ్లాటు అయితే రెరా నమోదు ఉందో లేదో తెలుసుకోండి. 2016 నాటి ఆ చట్టం ప్రకారం, ఒప్పందం రిజిస్టరు చేయకుండా బిల్డరు 10 శాతానికి మించి తీసుకోరాదు. బ్యాంకు వకీలు చూశాడు కదా అని ఊరుకోకండి. ఆయన చూసేది బ్యాంకు క్షేమం కోసం. మీ కోసం మీ వకీలు చూడాలి.

రెండవది నిర్ణయం. 30 లక్షలు 9 శాతం వడ్డీకి 20 ఏళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 27 వేలు కట్టాలి. మొదటి నెల కట్టినదానిలో 22,500 వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది 4,500 మాత్రమే. 20 ఏళ్లలో మొత్తం దాదాపు 65 లక్షలు కడతారు. అదే 15 ఏళ్లకు పెట్టుకుంటే నెలకు సుమారు 3,400 ఎక్కువ కట్టాలి, కాని వడ్డీలో దాదాపు 10 లక్షలు మిగులుతాయి. పైగా మారే వడ్డీ ఎప్పుడూ ఒకేలా ఉండదు. 2022 మే ఆరంభంలో 4 శాతంగా ఉన్న రెపో రేటు 2023 ఫిబ్రవరికి 6.5 శాతానికి చేరింది. ఎందరికో కట్టవలసిన ఏళ్లు పెరిగిపోయాయి. కనుక బ్యాంకు ఎంత ఇస్తుందని కాక, ఇద్దరిలో ఒకరి జీతం ఆగిన నెలలో మనం ఎంత కట్టగలమని ఆలోచించండి. చేతి సొమ్ముగా పెట్టవలసినది, రిజిస్ట్రేషను ఖర్చు మీరు కూడబెట్టినదై ఉండాలి. దానికీ అప్పు తేవలసి వస్తే, ఆ ఇంటికి మీకు ఇంకా సమయం రాలేదని అర్థం. భార్యాభర్తలిద్దరూ ఆ లెక్క చూసి, ఇద్దరూ ఒప్పుకున్న తరువాతే సంతకం పెట్టండి.

మూడవది ఆచరణ. మారే వడ్డీ మీద తీసుకున్న ఇంటి అప్పును ముందుగా తీర్చినా జరిమానా లేదు. బోనసు వచ్చినా, పంట డబ్బు వచ్చినా, కొంత అసలుకు జమ చేయండి. అప్పు పూర్తిగా తీరిన 30 రోజులలో బ్యాంకు మీ అసలు పత్రాలు తిరిగి ఇవ్వాలి. తమ తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేల రూపాయల చొప్పున మీకు చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించింది.

చుట్టాలు ఏమనుకుంటారోనని ఇల్లు కొనకండి. అద్దె ఇంట ఉండడం అవమానం కాదు. మనుష్యకుమారునికి తల వాల్చుకొనడానికి చోటే లేదు గదా! అప్పుల పాలై ఇల్లు పోగొట్టుకున్నవారిని చూసి నవ్వకండి. ఉపమానంలో నవ్వినవారిని ప్రభువు మెచ్చుకోలేదు.

ఆ దంపతులు ఇప్పుడు రెండు గదుల అద్దె ఇంట ఉంటున్నారు. నేనే వెళ్లి, వారిని క్షమాపణ అడిగి, ఆ ఇంటినీ ఆశీర్వదించాను. ఇప్పుడు చివరి దీవెన వరకు ఉంటున్నారు. నాటి నుండి ఇల్లు కొంటున్నామని ఎవరు చెప్పినా, "కాగితాలు, లెక్క తీసుకురండి, కూర్చుని చూద్దాం" అంటున్నాను. తీర్థజలం ఆ తరువాత.

ప్రభువు కట్టని ఇంటికి మన ప్రయాస వ్యర్థమని కీర్తనకారుడు బోధించాడు. ఆ ప్రభువే మనకు లెక్క చూసుకొనే బుద్ధిని కూడా ఇచ్చాడు. పవిత్ర కుటుంబం మన ఇండ్లను, అద్దె ఇండ్లను సైతం, కాపాడును గాక! ఆమెన్.