వీరాపురంలో ‘వద్దు’ అనొచ్చా?

లేపాక్షికి దగ్గర్లో, పాత అనంతపురం జిల్లా వీరాపురానికి ఏటా కొంగలొస్తాయి. పేపర్లు సైబీరియా కొంగలంటాయి గానీ ఇవి పెయింటెడ్ స్టార్కులు, మన దేశపువే. ఇళ్ల మధ్య చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. కింద రెట్టలు, చేపల కంపు. అయినా ఊరు వాటిని కాన్పుకొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటుంది.

రేపెవరైనా అక్కడ ఎకో లాడ్జ్ కడతామని వచ్చారనుకోండి. మీటింగ్ పెడతారు, ఉద్యోగాలొస్తాయంటారు, సంతకాలు తీసుకుంటారు. ‘వద్దు’ అంటే ఏమవుతుందో మాత్రం చెప్పరు. సుప్రీంకోర్టు 2013లో చెప్పాక ఒడిశా నియమగిరిలో 12 గ్రామసభలు పెట్టారు. పన్నెండూ వేదాంత గని వద్దన్నాయి, గని ఆగింది. ఆ బలం అటవీ హక్కుల చట్టానిది. వీరాపురం చెట్లున్నది ఊళ్లో, అడవిలో కాదు. షెడ్యూల్డ్ ప్రాంతం కూడా కాదు కాబట్టి పెసా చట్టమూ వర్తించదు. కొంగల్ని కాపాడుకొచ్చిన వాళ్లకి నియమగిరి బలం దొరకదు.

పోనీ, ఊళ్లో కొందరు లాడ్జ్ కావాలనే అనొచ్చు. కరువు సీమలో నెల జీతం చిన్న విషయమా? వీకెండ్‌కి కెమెరా పట్టుకెళ్లే నాలాంటివాళ్లు దాన్ని తప్పుపట్టడం అన్యాయం. కానీ ‘వద్దు’కి విలువ లేనిచోట ఆ ‘సరే’ని ఎలా నమ్మడం?

అందుకే ప్లాను గీయకముందే వెళ్లి అడగాలి. అదీ కొంగలు గూళ్ల మీదున్న నెలల్లో, ఆ చింతచెట్ల కిందే, ఆ కంపులోనే కూర్చుని.