అనుకరణ కాని దెబ్బ

'ఓంగ్ బాక్' (2003) కథ రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. థాయ్‌లాండ్‌లో ఒక పల్లె. ఊరి బుద్ధ విగ్రహం తల ఎవడో నరికి పట్టుకుపోతాడు. దాన్ని వెనక్కి తేవడానికి టింగ్ అనే కుర్రాడు బ్యాంకాక్ బయల్దేరతాడు, ఊరివాళ్ళు తమ దగ్గరున్న చిల్లరా నగలూ పోగేసి చేతిలో పెడతారు. అంతే. జనం చూసింది కథని కాదు, టింగ్‌గా వేసిన టోనీ జా మోకాళ్ళనీ మోచేతుల్నీ. తాళ్ళు లేవు, కంప్యూటర్ మాయలు లేవు, డూప్ లేడు అని చెప్పుకునే ఆ సినిమాని అమ్మారు. ఇంత మామూలు కథని దేశాలు దాటించింది ఆ మాటే.

తాడు లేదని తెలిస్తే మనకెందుకంత సంతోషం?

కళ గురించి పెద్దలు చెప్పినదానికి ఇది అడ్డంగా ఉంది. లోకంలో శోకం శోకమే, రంగం మీద అది కరుణరసం అవుతుందని కదా మన లాక్షణికులు చెప్పింది. బయట చూడలేని వాటిని కూడా బొమ్మలో ఇష్టంగా చూస్తామని అరిస్టాటిల్ అన్నాడు. ఇద్దరి లెక్కలోనూ ఆనందానికి షరతు ఒకటే: అది అసలుది కాకపోవడం. ఓంగ్ బాక్‌లో షరతు తలకిందులైంది. కాళ్ళకి నిప్పంటుకుని మండుతుండగా టింగ్ ఎగిరి తన్నే దృశ్యం ఉంది. అది నిజం నిప్పు కాబట్టే ఊపిరి బిగబడతాం. గ్రాఫిక్స్ అని తెలిసిన క్షణం ఆ మంట ఆరిపోతుంది.

దీన్ని క్రూరత్వం అని తేల్చేయడం సులువు, కానీ నాకు ఒప్పుదల లేదు. ఈ సంతోషంలో పెద్ద భాగం నమ్మకం. తెర మీద ప్రతిదీ మోసమేనని అలవాటుపడ్డ కంటికి, ఒక మనిషి నిజంగా ఒళ్ళు పెట్టి ఒక పని చేశాడంటే అదొక మర్యాదలా అనిపిస్తుంది. నన్ను మోసం చేయలేదు వీడు, అనుకుంటాం. అది నీచమైన సంతోషం కాదు.

చిక్కేమిటంటే, తన్నేవాడి నిజం ఒక్కటే సరిపోదు. తన్ను తినేవాడిదీ నిజం కావాలి. లోపల ప్యాడ్లు ఉంటాయి, దెబ్బ బలం అదుపులో పెట్టుకుంటారు, నిజమే. అయినా నెత్తిన మోచెయ్యి దిగినవాడికి ఎంతోకొంత దిగినట్టే. అంత ఎత్తునుంచి పడ్డవాడు పడ్డట్టే. పైగా దర్శకుడు ప్రచ్యా పింకేవ్ మంచి దెబ్బ పడినప్పుడల్లా దాన్నే ఇంకో కోణం నుంచి మళ్ళీ చూపిస్తాడు. నిజమే సుమా, కావాలంటే చూసుకో అని రుజువు పెట్టడం అది. వాడు ఒక్కసారి పడ్డాడు, మనకోసం రెండుసార్లు పడతాడు. వాడి పేరు మాత్రం మనకి గుర్తుండదు.

సినిమాలోనే ఈ పందెం బొమ్మ కట్టి ఉంది. బ్యాంకాక్‌లో ఒక బార్, మధ్యలో ఖాళీ, చుట్టూ డబ్బు కాసే జనం. పై గదిలో చక్రాల కుర్చీలో విలన్ కోమ్ తువాన్. టింగ్‌కి విద్య నేర్పిన భిక్షువు దాన్ని వాడొద్దన్నాడు. వాడు కొట్టనంటాడు, వెళ్ళిపోతుంటాడు. ఆ కాసేపూ మనం ఎవరి పక్షాన ఉన్నాం? ధర్మంగా చూస్తే భిక్షువు పక్షాన. నిజంగా చూస్తే, బార్‌లో అరిచేవాళ్ళ పక్షాన. ఆ బిగ్ బేర్ అనేవాడు అమాయకుల్ని చావబాది టింగ్‌కి కొట్టక తప్పని కారణం ఎప్పుడిస్తాడా అని ఎదురుచూస్తాం. ఇచ్చాక కుదుటపడతాం. కథలో అహింస మన ఆకలి పెంచడానికే పనికొచ్చింది.

తర్వాతి రెండు భాగాల్లో (2008, 2010) కథ అయుత్థయ కాలానికి వెళ్తుంది, మొదటిదానితో సంబంధం ఉండదు. మూడోదాంట్లో నాయకుడు తియెన్‌ని ఎముకలు విరిగేలా కొడతారు, చాలాసేపు. తర్వాత వాడు ధ్యానంతో, నాట్యంతో తేరుకుంటాడు. అక్కడ మన మనసు కరగాలి, కరుగుతుంది కూడా. కానీ ఆ బాధ నటన. మొదటి భాగంలో పేరులేని కుర్రాళ్ళు మెట్లమీదా నేలమీదా పడ్డది నటన కాదు. నటించిన బాధకి అయ్యో అన్నాం, పడిన దెబ్బకి ఈల వేశాం.

వాళ్ళు ఇష్టపడే చేశారు కదా అనొచ్చు. మాట కొట్టిపారేయలేం. ఈ పోరాటాల రూపకర్త పన్నా రిట్టిక్రై (2014లో పోయాడు) తన పాత సినిమాల్లో తనే నాయకుడు, తనే ఎగిరేవాడు, తనే పడేవాడు. చిన్నప్పుడు అతని సినిమా చూసే టోనీ జా ఈ దారి పట్టాడు. ఇద్దరూ ఈశాన్య థాయ్ ప్రాంతంవాళ్ళే. ఆ పనిలో వాళ్ళకి గర్వం ఉంది, దాన్ని జాలితో చిన్నబుచ్చడం నాకిష్టం లేదు. అయితే ఇష్టపడి పడ్డవాడు కూడా పడ్డవాడే. వాడి అంగీకారం వాడి సంగతి చెబుతుంది గానీ, చూసి ఈలవేసిన నా సంగతి చెప్పదు.

2008లో ప్రచ్యా, పన్నా కలిసి చేసిన 'చాక్లెట్' చివర్లో పేర్లు పడుతుండగా చిత్రీకరణలో తగిలిన గాయాలు చూపిస్తారు. దెబ్బలు తిన్నవాళ్ళు, వాళ్ళ చుట్టూ మూగినవాళ్ళు. అప్పటిదాకా మొహంలేని వస్తాదుగా ఎగిరిపడ్డవాడికి ఇక్కడ నొప్పి ఉంది, పక్కన పట్టుకునే మనిషి ఉన్నాడు. అది మనం చూసినదానికి బిల్లా, లేక ఇంకొక్క డోసా? ఏమో. సినిమా అయిపోయినా సీట్లోంచి లేవకుండా ఆ భాగం పూర్తిగా చూసేవాళ్ళలో నేనూ ఒకణ్ణి.