వణికే చేతికి ఆసరా



మన కతోలిక బైబులులో సీరాపుత్రుడైన యేసు వ్రాసిన జ్ఞానగ్రంథం ఒకటి ఉంది. దానిలో 38వ అధ్యాయాన్ని ఈ వారం కుటుంబ ప్రార్థనలో ఒకసారి చదవండి. వైద్యుణ్ణి గౌరవించమని, అతణ్ణి కూడా దేవుడే నియమించాడని ఆ జ్ఞాని బోధిస్తాడు. ప్రభువు మందులను భూమినుండే పుట్టించాడని, వివేకం గలవాడు వాటిని తృణీకరించడని చెబుతాడు. జబ్బు పడినవాడు ప్రార్థన చేయాలి, తన జీవితాన్ని సరిదిద్దుకోవాలి, ఆపైన వైద్యునికి చోటివ్వాలి. ఒకటి చేసి రెండవది మానమని ఆయన ఎక్కడా అనలేదు.

ఈ అధ్యాయం మీద నేను చాలాసార్లు ప్రసంగించాను. అయినా ఒక తపస్కాలంలో దానికి విరుద్ధంగా నడుచుకున్నాను. ఆ తప్పును మీ ముందు ఒప్పుకోవడానికే ఈ వారం వ్రాస్తున్నాను.

చెల్పూర్ చుట్టుపక్కల పల్లెల్లో ఒకచోట మన కుటుంబం ఒకటి ఉంది. ఇంటి పెద్దకు నలభై దాటాయి. షిఫ్టు డ్యూటీకి వెళ్ళేవాడు. ఆదివారం పూజలో మొదటి పఠనం చదివేవాడు. మంచి గొంతు. ఆ చిన్న గుడిలో పఠన పీఠం లేదు, పుస్తకం చేతిలో పట్టుకునే చదవాలి. కొన్ని వారాలుగా ఆయన చేతుల్లో పుస్తకం వణకడం అందరూ గమనించారు. "తాగి వస్తున్నాడు" అని గుసగుస బయలుదేరింది. పెద్దలు ఇద్దరు నా దగ్గరికి వచ్చి, "ఫాదర్, ఆయనతో చదివించకండి" అన్నారు. నేను ఆయనను ఒక్కమాట అడగలేదు. పఠనం ఇంకొకరికి ఇచ్చేశాను.

ఆయన నన్ను ఏమీ అడగలేదు. ఆ తపస్కాలంలో కఠినంగా ఉపవాసం పట్టాడు. ఎండలు ముదురుతున్న రోజులు. పగలంతా మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఉన్నాడని విని, నేను ప్రసంగంలో పేరు చెప్పకుండా ఆ భక్తిని మెచ్చుకున్నాను. రెండు వారాలు గడిచాయో లేదో, ఒక శుక్రవారం ఆయన సిలువ మార్గానికి తూలుతూ వచ్చాడు. మాట ముద్దగా వస్తోంది. గుడి బయట వాంతి చేసుకున్నాడు. చుట్టూ ఉన్నవారు ముక్కు మూసుకుని పక్కకు తప్పుకున్నారు. ఆయన భార్య మాత్రం ఏడుస్తూ నా ముందుకు వచ్చింది.

"ఫాదర్, మా ఆయన తాగుతలేడు. గా మాత్రలతోని చేతులు వణుకుతున్నయ్. అందరు అనుడే గాని, మీరన్న ఒక్కమాట అడగకపోతిరి."

ఆ రాత్రే ఆస్పత్రికి తీసుకువెళ్ళాం. ఆయనకు బైపోలార్ వ్యాధి ఉందనీ, లిథియం మాత్రలు వాడుతున్నాడనీ, ఒంట్లో నీరు తగ్గి ఆ మందు రక్తంలో మోతాదు మించిపోయిందనీ డాక్టరు చెప్పారు. ఇంకొంచెం ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు అన్నారు. దేవుని దయవల్ల కోలుకున్నాడు. కానీ ఆ తల్లి మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ప్రియులారా, బైపోలార్ వ్యాధి అంటే ఏమిటి? కొన్నాళ్ళు మనసు అదుపు తప్పి పైకెగురుతుంది. నిద్ర అక్కరలేదు, మాట ఆగదు, డబ్బు నీళ్ళలా ఖర్చవుతుంది, తాను చేయలేనిది లేదనిపిస్తుంది. మరికొన్నాళ్ళు అదే మనసు పాతాళానికి దిగిపోతుంది. లేవబుద్ధి కాదు, తినబుద్ధి కాదు, బ్రతకాలని ఉండదు. ఇది దయ్యం కాదు, చేతబడి కాదు, పాపానికి శిక్ష అంతకన్నా కాదు. పుట్టుగ్రుడ్డివాణ్ణి చూపించి, ఎవరి పాపం వల్ల ఇలా పుట్టాడని శిష్యులు అడిగితే, ఇతని పాపమూ కాదు, తల్లిదండ్రుల పాపమూ కాదని ప్రభువు తేల్చిచెప్పాడు గదా!

ఈ వ్యాధికి వాడే మందుల్లో లిథియం పాతది, ముఖ్యమైనది. 1817లో స్వీడన్ దేశంలో ఒక శాస్త్రవేత్త దీన్ని ఒక ఖనిజంలో కనుగొన్నాడు. గ్రీకు భాషలో రాయి అనే మాటనుండి దానికి ఆ పేరు వచ్చింది. 1949లో జాన్ కేడ్ అనే ఆస్ట్రేలియా డాక్టరు ఉన్మాద రోగులకు అది మేలు చేస్తుందని ప్రకటించాడు. రాతిలో దాగిన లవణం మనసుకు మందయింది. ప్రభువు మందులను భూమినుండి పుట్టించాడన్న మాట మనకు ఇంతకన్నా స్పష్టంగా ఎక్కడ కనిపిస్తుంది?

అయితే ఈ మందులు ఊరికే పనిచేయవు, కొంత బాధ కూడా పెడతాయి. లిథియంతో చేతులు సన్నగా వణుకుతాయి, దాహం వేస్తుంది, మూత్రం ఎక్కువగా వస్తుంది, బరువు పెరుగుతుంది. కొందరికి థైరాయిడ్, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. ఓలాంజపిన్ వంటి మందులతో ఆకలి, బరువు, రక్తంలో చక్కెర పెరుగుతాయి, పొద్దున మత్తు వదలదు. వాల్‌ప్రోయేట్‌తో కొందరికి జుట్టు రాలుతుంది. పైగా అది గర్భంలోని బిడ్డకు హాని చేయగలదు. కాబట్టి ఆ మందు వాడే ఆడపిల్లకు పెళ్ళి తలపెట్టినప్పుడే, గర్భం రాకముందే, డాక్టరుతో విషయం మాట్లాడాలి. దాచిపెట్టి పెళ్ళి చేయడం, పెళ్ళి కోసం మాత్రలు మాన్పించడం రెండూ ఆ బిడ్డకు ద్రోహమే.

ఇక ఇంటివారి సంగతి. సాధారణంగా మనం రెండు తప్పుల్లో ఏదో ఒకటి చేస్తాం. "ఇన్ని మాత్రలు మింగితే మనిషి పాడైపోతాడు, మానెయ్" అని కొందరు మాన్పిస్తారు. "డాక్టరు ఇచ్చాడు, నోరుమూసుకుని మింగు" అని మరికొందరు గద్దిస్తారు. మందు మాన్పించడం ప్రేమ కాదు. మందు పెట్టే బాధను పట్టించుకోకపోవడమూ ప్రేమ కాదు. బాధ విని, ఆ బాధను డాక్టరు దాకా మోసుకువెళ్ళడమే ప్రేమ.

సిరేనియ సీమోనును తలచుకోండి. ఆయన ప్రభువు భుజంమీది సిలువను తీసి పారేయలేదు. దూరంగా నిలబడి "ఓర్చుకో" అని ఉపదేశమూ చేయలేదు. ఒక కొన తన భుజం మీద వేసుకుని వెంట నడిచాడు. మన ఇళ్ళలో అలా నడవడం ఎలా?

మొదటిది, వినాలి. "చేతులు వణుకుతున్నయ్", "నోరు ఎండుతోంది", "లావైపోతున్నాను" అని చెబితే నవ్వవద్దు, కొట్టిపారేయవద్దు. ఒక నోటుబుక్కు పెట్టండి. ఏ రోజు ఏ మాత్ర వేసుకున్నాడు, ఎన్ని గంటలు నిద్రపోయాడు, ఏ బాధ కలిగింది అని రోజూ రెండు ముక్కలు వ్రాయండి. వరంగల్ ఎం.జి.ఎం. ఆస్పత్రికి వెళ్ళినా, మరే డాక్టరు దగ్గరికి వెళ్ళినా, ఆ పుస్తకం ముందు పెట్టండి. రద్దీలో డాక్టరుకు దొరికేది కొద్ది నిమిషాలే. మీరు వ్రాసింది చూసి ఆయన మోతాదు సవరించవచ్చు, వేళ మార్చవచ్చు, వణుకు తగ్గడానికి మరో మందు ఇవ్వవచ్చు. మీ అంతట మీరు మాత్ర సగం చేయవద్దు, ఆపవద్దు. అకస్మాత్తుగా ఆపితే జబ్బు మళ్ళీ విరుచుకుపడుతుంది, ఆత్మహత్య తలంపులు కూడా రావచ్చు.

రెండవది, నీరూ ఉప్పూ చూసుకోవాలి. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే మూత్రపిండాలు లిథియాన్ని బయటికి పంపవు. అది రక్తంలో పేరుకుపోతుంది. కాబట్టి ఎండాకాలంలో, విరేచనాలు పట్టుకున్నప్పుడు, జ్వరంలో మరీ జాగ్రత్త. నీళ్ళసీసా వెంట ఉండాలి. బి.పి. ఉందని ఎవరో చెప్పారని ఒక్కసారిగా ఉప్పు మానకూడదు. ఒళ్ళు నొప్పులని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి బిళ్ళలు అడిగి వేసుకోకూడదు, అవి కూడా లిథియం మోతాదును పెంచుతాయి. చెప్పిన గడువుకు రక్తపరీక్ష చేయించండి. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు, ఉదయం మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి.

మూడవది, ప్రమాద సూచనలు ఇంట్లో అందరికీ తెలియాలి. వణుకు ఒక్కసారిగా ఎక్కువై, వాంతులు, విరేచనాలు, నడకలో తూలడం, మాట ముద్దగా రావడం, మగత కనిపిస్తే తర్వాతి మాత్ర వేయకుండా, మందుల చీటీతో సహా వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. "తాగాడేమో" అనుకుని పడుకోబెట్టవద్దు.

నాలుగవది, ఉపవాసం సంగతి. దీన్ని ముఖ్యంగా మా గురువులు, ఉపదేశులు గుర్తుంచుకోవాలి. విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం ఉపవాస నియమం ఆరోగ్యవంతుల కోసం. జబ్బుతో ఉన్నవారిని అది కట్టివేయదు. దివ్యసత్ప్రసాదానికి ముందు ఒక గంట ఉపవాసం సంగతి చూసినా, 1983 నాటి శ్రీసభ చట్టం స్పష్టంగా చెబుతోంది: మంచినీళ్ళు, మందులు ఆ ఉపవాసాన్ని భంగపరచవు. జబ్బుపడినవారు, వారికి సేవ చేసేవారు ఆ గంటలోపు ఏదైనా తిన్నా దివ్యసత్ప్రసాదం స్వీకరించవచ్చు. సేవ చేసేవారిని కూడా శ్రీసభ మరవలేదు, చూశారా! కాబట్టి పూజకు ముందు మాత్ర వేసుకోండి, నీళ్ళు త్రాగండి. తపస్సు చేయాలని మనసుంటే, వేళకు మందు వేసుకోవడాన్నే ప్రభువుకు కానుకగా అర్పించండి. ఇష్టం లేకపోయినా రోజూ మింగే ఆ చేదు మాత్ర తక్కువ తపస్సేమీ కాదు.

ఐదవది, నిద్ర, తిండి, నడక. ఏలీయా ప్రవక్త ఎడారిలో చెట్టు క్రింద కూలబడి, ఇక చావు రానివ్వమని దేవుణ్ణి వేడుకున్నాడు. దేవదూత వచ్చి ఆయనను తిట్టలేదు. రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. పడుకోనిచ్చాడు. రెండవసారి లేపి మళ్ళీ తినిపించాడు. దేవుడు ఆయనతో మాట్లాడింది ఆ తరువాతనే. మన దగ్గర రాత్రి షిఫ్టులు చేసేవారు ఎందరో ఉన్నారు. ఈ వ్యాధి ఉన్నవారికి నిద్ర చెడితే జబ్బు తిరగబెడుతుంది, కనుక పగటి డ్యూటీ సాధ్యమవుతుందేమో డాక్టరు చీటీతో అడిగి చూడండి. పొద్దున మత్తుగా లేస్తే సోమరి అనవద్దు. బరువు పెరిగితే ఎగతాళి చేయవద్దు. సాయంత్రం చేయిపట్టుకుని ఊరి చివరిదాకా కలిసి నడవండి.

ఎవరైనా, "విశ్వాసం ఉంటే మాత్రలు పారేయి" అని చెబితే నమ్మకండి. అది శ్రీసభ బోధ కాదు. వ్యాధిగ్రస్తుల అభ్యంగనం స్వీకరించండి, జపమాల చెప్పండి, మాత్ర కూడా వేసుకోండి. ఈ మూడింటిలో ఏదీ మరొకదానికి అడ్డు కాదు.

పునీత దేవుని యోహాను గారి కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. 16వ శతాబ్దంలో స్పెయిన్ దేశంలోని గ్రనడా పట్టణంలో ఆయనను పిచ్చివాడని బంధించి కొరడాలతో కొట్టారు. ఆ రోజుల్లో అదే వైద్యం. బయటికి వచ్చాక ఆయన తాను పడిన బాధ ఇంకెవరూ పడకూడదని రోగుల కోసం ఆస్పత్రి పెట్టాడు. 1886లో పదమూడవ లియో జగద్గురువులు ఆయనను ఆస్పత్రులకు, రోగులకు పాలక పునీతునిగా ప్రకటించారు. నాడు పిచ్చివాడని సంకెళ్ళు వేసినవాణ్ణి నేడు మనం పీఠాలమీద నిలిపి గౌరవిస్తున్నాం. మన పక్కింటి రోగిని గురించి మాట విసిరేముందు ఈ సంగతి గుర్తుకు రావాలి.

సేవ చేసే భార్యలూ, తల్లులూ, మీకొక మాట. మీరు కూడా అలసిపోతారు, విసుక్కుంటారు. అది పాపమని కుమిలిపోకండి. ఒంటరిగా మోయవద్దు. 2022 అక్టోబరులో ప్రభుత్వం ప్రారంభించిన టెలిమానస్ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. విచారణలోని సోదరీమణులు ఒక పూట ఆ ఇంటికి వంట చేసి పంపితే, ఆస్పత్రికి తోడు వెళితే, అదీ దైవసేవే.

మళ్ళీ ఆ ఇంటి సంగతికి వస్తాను. ఆయన కోలుకున్నాక నేను వాళ్ళ ఇంటికి వెళ్ళి క్షమాపణ అడిగాను. ఆ తల్లి టీ తెచ్చింది. ఆయన కప్పు సగమే నింపింది, ఒలికిపోకుండా. భర్త సిగ్గుపడకుండా ఉండాలని నా కప్పు కూడా సగమే నింపింది. అది చూసి నేను నేర్చుకున్నది ఏ ప్రసంగంలోనూ నేర్చుకోలేదు. తరువాత మన సంఘంలోని వడ్రంగి ఒకాయన గుడికి చెక్కతో పఠన పీఠం చేసి ఇచ్చాడు. ఇప్పుడు పుస్తకం దానిమీద ఉంటుంది. ఆయన మళ్ళీ చదువుతున్నాడు. చేతులు ఇంకా కొద్దిగా వణుకుతూనే ఉన్నాయి. గొంతు మాత్రం వణకదు.

ప్రార్థిద్దాం: ఓ ప్రభువా, గెత్సేమనిలో నీ ఆత్మ చావుకు వచ్చినంతగా దుఃఖపడింది. మనసు కల్లోలపడేవారి బాధ నీకు తెలుసు. వారికి మందు వేసుకునే ఓర్పును, వారి ఇంటివారికి వినే చెవులను, వైద్యులకు వివేకాన్ని, తొందరపడి తీర్పుతీర్చే మాకు పశ్చాత్తాపాన్ని దయచేయుము. వ్యాధిగ్రస్తుల స్వస్థత అయిన మరియమాతా, మా కొరకు ప్రార్థించండి. ఆమెన్.